ముఖం లేని అట్ట, ముఖం ఉన్న యాడ్: పాప్ ఆల్బమ్ ప్యాకేజింగ్‌కి సలహా కావాలి

సిరాచుక్క
సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. ఒక గాయని తొలి ఆల్బమ్‌కి డిజైన్ పని దొరికింది. సినిమా పాటలు కావు, సొంత పాటలు, తెలుగు పాప్. పది పాటలు, మొత్తం 38 నిమిషాలు. 300 వినైల్ రికార్డులు, 500 సీడీలు వేస్తున్నారు. ఒక తెలుగు వారపత్రికలో ఫుల్ పేజీ యాడ్, ఒక ఇంగ్లిష్ సంగీత పత్రికలో హాఫ్ పేజీ కూడా నేనే చెయ్యాలి. ఆల్బమ్ పేరు ఇప్పుడే బయట పెట్టనని మాటిచ్చాను. నాలుగక్షరాల తెలుగు పదం, అందులో రెండిటికి వత్తులున్నాయి. అంతవరకే చెప్పగలను.

నా ఆలోచన ఇది. అట్ట మీద ఆమె ముఖం ఉండదు. మొత్తం రాణి రంగు, మీద పెద్ద అక్షరాల్లో పేరు, మధ్యలో గుండ్రంగా ఒక కన్నం. ఆ కన్నంలోంచి లోపలి కవరు మీదున్న ఆమె కన్ను మాత్రం కనిపిస్తుంది. ఆమెకి బాగా నచ్చింది. వాళ్ళన్నయ్యే మేనేజరు. ఆయన మాత్రం "కొత్తమ్మాయి, మొహం చూపించకపోతే ఎవడు కొంటాడు?" అని ఒకటే పట్టు. పైగా యాడ్‌లో ఉండాల్సినవంటూ జాబితా ఇచ్చారు. లెక్కపెడితే పద్నాలుగు అంశాలు. పది పాటల పేర్లు, తబలా వాయించినాయన పేరు, డబ్బు పెట్టినవాళ్ళకి కృతజ్ఞతలు, రెండు ఫోన్ నంబర్లు కూడా!

నెల టైముంది. సినిమా పోస్టర్లు, పెళ్ళి శుభలేఖలు చాలా చేశాను గానీ రికార్డు అట్ట ఇదే మొదటిసారి. టెన్షన్‌గా ఉంది.

ప్రెస్సుబాబాయ్
సోమవారం, రాత్రి 10:15

అమ్మా, కంప్యూటర్ ముందు కూర్చునే ముందే రికార్డు వేసేవాళ్ళ దగ్గర టెంప్లేటు తెప్పించుకో. 12 అంగుళాల రికార్డు అట్ట సుమారు 315 మి.మీ. చదరం, వెన్ను 3 మి.మీ. అని అందరూ చెబుతారు. బోర్డు మందాన్ని బట్టి ఒకటి రెండు మి.మీ. అటూ ఇటూ అవుతుంది. ఆ ఒకటి రెండే కొంప ముంచుతాయి. సీడీకి బుక్‌లెట్ 120 మి.మీ. చదరం. వెనక పెట్టే ఇన్‌లే 151 × 118, అందులో రెండు పక్కలా మడత పడే వెన్నులు ఆరున్నర మి.మీ. చొప్పున పోతాయి. చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ (కోత గీత దాటి బయటికి పోయే రంగు) వదులు. ముఖ్యమైన అక్షరం ఏదైనా కోత గీతకి కనీసం 5 మి.మీ. దూరంగా ఉండాలి.

ఇక నీ కన్నం సంగతి. డై (బోర్డుని ఆ ఆకారంలో కోసే అచ్చు) చేయించాలి. డై ఖర్చు 300 అట్టలకైనా 3 వేల అట్టలకైనా ఒకటే కాబట్టి నీ 300 మీద పంచితే ఒక్కో అట్ట మీద ఇంకో అట్టంత ఖర్చు పడుతుంది. అదొక్కటే కాదు. రికార్డు లోపలికి పెట్టేటప్పుడల్లా లోపలి కవరు అంచు ఆ కన్నానికి తట్టుకుంటుంది. పదిసార్లు తీసి పెడితే చిరుగుతుంది. బయటి అట్ట 350 జీఎస్ఎం గట్టి బోర్డు వేసినా లోపలిది పల్చటి కాగితమే కదా.

లీడ్స్_నుంచి
సోమవారం, రాత్రి 11:52

బాబాయ్ గారి మాటకి ఇక్కడ ఇంగ్లండులో పెద్ద సాక్ష్యమే ఉంది. 1983లో న్యూ ఆర్డర్ బ్యాండు 'బ్లూ మండే' సింగిల్ తెచ్చింది. మాంచెస్టర్‌లోని ఫ్యాక్టరీ రికార్డ్స్ దాన్ని విడుదల చేసింది. పీటర్ సావిల్ అనే డిజైనర్ దాని అట్టని కంప్యూటర్ ఫ్లాపీ డిస్కులా, కన్నాలు కోయించి తయారు చేశాడు. ముందువైపు బ్యాండు పేరు లేదు, పాట పేరూ లేదు. అంచున రంగు గళ్ళు వరసగా ఉంటాయి, అవే అక్షరాలకి గుర్తులు. అదే బ్యాండు తర్వాతి ఎల్పీ (లాంగ్ ప్లే రికార్డు) వెనక అట్ట మీద ఉన్న రంగుల చక్రం చూసుకుంటే గానీ అదేం రాసి ఉందో తెలియదు.

అట్ట ఖర్చు వల్ల అమ్మిన ప్రతి కాపీ మీదా నష్టమే వచ్చిందని ఫ్యాక్టరీ వాళ్ళే కథలుగా చెప్పుకునేవారు. ఒక్కో కాపీకి ఎన్ని పెన్నీలు పోయాయన్న లెక్క మాత్రం చెప్పేవాణ్ణి బట్టి మారుతుంది. తర్వాతి ముద్రణల్లో కన్నాలు తీసేశారు.

ఇది చదివి 'అయితే ముఖం లేకపోయినా అమ్ముడవుతుంది' అనుకోకండి. అప్పటికే వాళ్ళకి అభిమానులున్నారు. పైగా ఆ పాట క్లబ్బుల్లో మోగిపోయింది. అట్ట చూసి ఎవరూ కొనలేదు.

ఎల్పీల_పెట్టె
మంగళవారం, ఉదయం 6:30

నా దగ్గర సుమారు నాలుగు వందల రికార్డులున్నాయి. పొద్దున్నే కాఫీ తాగుతూ రెండు మూడు బయటికి తీసి చూసుకోవడం అలవాటు. కన్నాలున్న అట్టలు మూడో నాలుగో ఉన్నాయి, అన్నిటికీ కన్నం దగ్గరే దెబ్బ.

ఇంతకంటే పెద్ద తమాషా రోలింగ్ స్టోన్స్ బ్యాండు 'స్టికీ ఫింగర్స్' అట్ట, 1971ది. చిత్రకారుడు ఆండీ వార్హోల్ ఆలోచన. జీన్స్ ప్యాంటు ఫొటో, దానికి నిజం జిప్పు! కట్టలు కట్టి లారీలో పంపితే ఒకదాని జిప్పు ఇంకోదాని రికార్డు మీద నొక్కుకుని, పాట ఉండే గాడులు దెబ్బతిన్నాయి. చివరికి జిప్పుని సగం దాకా కిందికి లాగి పంపడం మొదలుపెట్టారు. అలా చేస్తే జిప్పు కొస సరిగ్గా మధ్యలో కాగితపు లేబుల్ మీద పడుతుంది, పాటకి దెబ్బ తగలదు. ప్యాకేజింగ్ అంటే కట్ట కట్టడం, లారీ, గోడౌను కూడా అని అప్పుడు అర్థమైంది నాకు.

అమ్మాయ్, నువ్వు అట్టలో ఏం పెట్టినా దాని పైన పాతిక అట్టలు పేర్చి ఒక రాత్రి ఉంచి చూడు.

చిట్టిబాబు_99
మంగళవారం, ఉదయం 9:05

పిచ్చి ప్రశ్న అనుకోకండి. పాటల కట్టని 'ఆల్బమ్' అని ఎందుకంటారు? పెళ్ళి ఫొటోలదీ ఆల్బమే, పాటలదీ ఆల్బమేనా?

ఎల్పీల_పెట్టె
మంగళవారం, ఉదయం 9:20

పిచ్చి ప్రశ్న కాదు, రెండూ ఒకటే బాబూ. పాత 78 ఆర్‌పీఎం రికార్డు ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలే పాడేది. నాలుగైదు రికార్డులు కలిపి అమ్మాలంటే ఫొటో ఆల్బమ్‌లాగే గట్టి అట్టలతో పుస్తకంలా కుట్టి, ఒక్కో కాగితపు సంచిలో ఒక్కో రికార్డు పెట్టేవారు. పైన ఉత్త గోధుమరంగు అట్ట, మీద పేరు. సమాధిరాళ్ళలా ఉంటాయని వాటికి పేరు. అమెరికాలో కొలంబియా కంపెనీలో చేరిన అలెక్స్ స్టైన్‌వైస్ అనే కుర్రాడు 1940లో అట్ట మీద బొమ్మ వేద్దామన్నాడు. ఖర్చెక్కువన్నారు, అయినా వేశారు, అమ్మకాలు పెరిగాయి. 1948లో ఎల్పీ వచ్చాక ఒక్క రికార్డులోనే అన్ని పాటలూ పట్టాయి గానీ ఆల్బమ్ అన్న పేరు పోలేదు.

కోడలుపిల్ల
మంగళవారం, మధ్యాహ్నం 1:10

నేను పదేళ్ళు యాడ్ ఏజెన్సీలో పనిచేశాను. ఇక్కడందరూ అట్ట గురించే మాట్లాడుతున్నారు, యాడ్ సంగతి ఎవరూ ఎత్తడం లేదు.

సిరాచుక్కా, మీరు అట్టని చిన్నది చేసి పేజీలో అతికించి, చుట్టూ పద్నాలుగు అంశాలూ సర్దుదామనుకుంటున్నారు కదా? నిజం చెప్పండి. అందరూ చేసే పని అదే. అట్ట చేతిలోకి తీసుకుని తిప్పి చూసుకునే వస్తువు. యాడ్‌ని పాఠకుడు వంటల శీర్షికకీ సీరియల్‌కీ మధ్య పేజీ తిప్పుతూ దాటేస్తాడు. మూడు సెకన్లు దొరికితే అదృష్టం. ఆ మూడు సెకన్లలో తబలా ఆయన పేరెవరు చదువుతారు?

మీ మేనేజరుగారి గొడవలో మాత్రం న్యాయం ఉంది. కొత్త గొంతు అమ్ముతున్నప్పుడు జనానికి మనిషి కనిపించాలి. మైకేల్ జాక్సన్ అప్పటికే పెద్ద స్టారు, అయినా 1982లో 'థ్రిల్లర్' అట్ట మీద తెల్ల సూటులో పడుకుని మన వంకే చూస్తూ ఉంటాడు. ఆ సూటు కూడా ఫొటో తీసిన డిక్ జిమర్మన్‌దే. తెచ్చిన బట్టలేవీ నచ్చక ఫొటోగ్రాఫరు ఒంటి మీదున్నది అడిగి తొడుక్కున్నాడు. లోపల మడత విప్పితే పులిపిల్లతో ఉంటాడు. చూడండి, పులిని లోపల పెట్టారు, ముఖాన్ని బయట పెట్టారు.

లీడ్స్_నుంచి
మంగళవారం, సాయంత్రం 4:45

దీంతో నేను ఏకీభవించను మేడం. జాక్సన్‌ది ఒక దారి, అంతే. ముఖం ఉంటే చాలదు, ఎలాంటి ముఖం అన్నది అసలు ప్రశ్న. గాయని గ్రేస్ జోన్స్ 'ఐలండ్ లైఫ్' (1985) అట్ట చూడండి. ఒంటికాలి మీద, చెయ్యి ముందుకు చాపి, కాలు వెనక్కి ఎత్తి నిలబడి ఉంటుంది. ఏ మనిషీ అలా నిలబడలేడు. జాన్ పాల్ గూడ్ అనే డిజైనర్ విడివిడిగా తీసిన ఫొటోలని కత్తిరించి అతికించి ఆ భంగిమ సృష్టించాడు. అదీ అట్ట కోసం చేసింది కాదు, 1978లో న్యూయార్క్ మ్యాగజైన్‌లో వచ్చిన బొమ్మ. పత్రికలో వచ్చిన బొమ్మ ఏడేళ్ళకి అట్ట అయింది. మన దగ్గర అట్టని కుదించి పత్రికలో వేస్తున్నాం.

కోడలుపిల్ల
మంగళవారం, సాయంత్రం 5:02

అబ్బాయ్, నువ్వు చెప్పిన ఉదాహరణలోనూ ఆమె మనిషి మొత్తం కనిపిస్తోంది కదా! నా వాదన గెలిచినట్టేగా :)

తలకట్టు
మంగళవారం, రాత్రి 8:30

ముఖం గొడవ మీరు తేల్చుకోండి, నాకు ఆ నాలుగక్షరాల మీద బెంగ.

తెలుగు అక్షరం పైనా కిందా పెరుగుతుంది. పైన గుడులు, కింద వత్తులు. ఇంగ్లిష్ అలవాటులో అక్షరాలని అట్ట అంచుకి ఆనించి పెద్దగా పెడితే కింది వత్తు కోతలో పోతుంది. వత్తు పోతే పదమే మారిపోతుంది. రెండు వత్తులున్నాయన్నారు కదా, వాటినే బొమ్మగా చూడండి. వత్తు తోక పొడుగ్గా దిగి మీరు కన్నం పెట్టాలనుకున్న చోటుని చుట్టేస్తే? కన్నం కోయకుండానే కన్ను అక్కడ కూర్చుంటుంది.

ఫాంటు కొనండి, లేదా స్వేచ్ఛగా వాడుకోనిచ్చేవి చూడండి. రామభద్ర బొద్దుగా ఉంటుంది, పోస్టరుకి బాగుంటుంది. సురన్న, పెద్దన, తిమ్మన, ధూర్జటి అన్నీ ఉచితమే. బలూ తమ్ముడు గుండ్రంగా ముద్దుగా ఉంటుంది, పాప్‌కి నప్పుతుంది గానీ ఈమధ్య ప్రతి కర్రీ పాయింట్ బోర్డు మీదా అదే కనిపిస్తోంది. నన్నడిగితే పేరు చేత్తో రాయించండి. మన సినిమా పబ్లిసిటీ డిజైనర్లు, ఈశ్వర్ గారిలాంటి వాళ్ళు, టైటిల్ అక్షరాలతోనే సినిమా ఎలాంటిదో చెప్పేసేవారు. బాపు గారి అక్షరమైతే తర్వాత ఫాంటే అయి కూర్చుంది.

డిజైన్ సాఫ్ట్‌వేర్ ఇల్లస్ట్రేటర్‌లో తెలుగు విరిగితే కంగారు పడకండి. ప్రిఫరెన్సెస్‌లో భారతీయ భాషల (ఇండిక్) ఆప్షన్ ఆన్ చెయ్యాలి. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్‌లో అయితే వరల్డ్ రెడీ కంపోజర్ అన్న సెట్టింగు పెట్టుకోవాలి.

ప్రెస్సుబాబాయ్
మంగళవారం, రాత్రి 9:12

తలకట్టు గారు మర్చిపోయింది ఒకటి. పత్రికకి పంపే ముందు కర్వ్స్ చేసి పంపమ్మా. కర్వ్స్ చేస్తే అక్షరం బొమ్మ అయిపోతుంది, అవతలివాళ్ళ దగ్గర ఆ ఫాంటు లేకపోయినా ఫర్వాలేదు. ఒకసారి మా కస్టమరొకాయన కర్వ్స్ చేయకుండా ఒక పత్రికకి యాడ్ పంపాడు. వత్తులన్నీ విడిపోయి పక్కన నిలబడ్డాయి. 'శ్రీ' కూడా ముక్కలైంది. అచ్చయి బజార్లోకి వచ్చాక ఎవరేం చేస్తారు? అది పంపింది నా కంప్యూటర్ నుంచే, ఒప్పుకుంటున్నా. అప్పటినుంచి కర్వ్స్ చేశాక కూడా ఒకసారి ప్రింటు తీసి, చదువు వచ్చిన ఇంకో మనిషితో పైకి చదివిస్తాను.

రాణి రంగు సంగతి కూడా చెప్పేస్తా. స్క్రీను మీద మెరిసిపోయే ఆ రంగు నాలుగు రంగుల (నీలం, మెజెంటా, పసుపు, నలుపు సిరాల) ముద్రణలో చప్పబడుతుంది. అట్టకి ఐదో రంగుగా ఫ్లోరోసెంట్ వేయించొచ్చు, పాంటోన్ కంపెనీ రంగుల పట్టికలో 806 నంబరు లాంటిది. కళ్ళు జిగేలుమంటాయి. కానీ ఆ సిరా ఎండకి నిలవదు. షాపు అద్దం వెనక కొన్నాళ్ళుంటే వెలిసిపోతుంది. పత్రికలో ఐదో రంగు కుదరదు. కాబట్టి నా మాట విని నూటికి నూరు మెజెంటా ఒక్కటే వేయి, ఇంకేమీ కలపకు. ఒకే సిరా, చుక్కలుండవు, అక్షరం అంచు కత్తిలా వస్తుంది. అట్ట మీదా పత్రికలోనూ దాదాపు ఒకే రంగు కనిపిస్తుంది.

ఇంకోటి. వారపత్రిక లోపలి కాగితం సిరా పీల్చేస్తుంది. ఆర్టు పేపరు మీద నాలుగు సిరాలూ కలిపి 300 శాతం దాకా తట్టుకుంటుంది గానీ న్యూస్‌ప్రింటు 240 దాటితే బురద. ముఖం నీడలన్నీ నల్లగా పూడుకుపోతాయి. ఫొటోని కాస్త తేలిక చేసి పంపు. నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద సన్నటి తెల్ల తెలుగు అక్షరాలు అస్సలు వద్దు, 'ఘ' ఏదో 'ఫ' ఏదో దేవుడికే తెలియాలి.

చిట్టిబాబు_99
మంగళవారం, రాత్రి 9:30

'న్యూస్‌ప్రింటు 240 దాటితే బురద.' దీన్ని టీషర్టు మీద వేయించుకుంటా.

సిరాచుక్క
బుధవారం, రాత్రి 10:05

అందరికీ దండాలు. ఇవాళ మీటింగ్ జరిగింది. కన్నం వద్దనుకున్నాం. తలకట్టు గారి వత్తు ఆలోచన చూపిస్తే గాయని ఎగిరి గంతేసింది. అన్నయ్యగారు మాత్రం కదల్లేదు. "ముఖం" అన్న ఒక్క మాటే. ఇప్పుడు ఏం చెయ్యాలి? ఆమె పక్షం తీసుకుంటే ఆయన డబ్బులివ్వరు, ఆయన మాట వింటే ఆమె నాతో మాట్లాడదు.

ఎల్పీల_పెట్టె
బుధవారం, రాత్రి 10:40

ఓబీ పెట్టండి!

జపాన్ రికార్డులకి ఎడమపక్కన నిలువుగా ఒక కాగితపు పట్టీ చుట్టి ఉంటుంది. దాన్ని ఓబీ అంటారు, అక్కడి ఆడవాళ్ళు కిమోనో మీద నడుముకి చుట్టుకునే పట్టీ పేరే అది. ధర, పాటల పేర్లు, పొగడ్తలు అన్నీ దాని మీదే. అట్ట శుభ్రంగా ఉంటుంది. కొన్నాక తీసేసుకోవచ్చు. నాలాంటి వాళ్ళం తియ్యం, అది చిరిగితే రికార్డు విలువ పడిపోతుంది మరి.

పట్టీ మీద ఆమె ముఖం వేయండి. షాపులో ముఖం కనిపిస్తుంది, ఇంటికెళ్ళాక మీ అట్ట మిగులుతుంది.

కోడలుపిల్ల
బుధవారం, రాత్రి 10:48

అంటే రికార్డుకి వడ్డాణం అన్నమాట. అద్భుతం. ధర, బార్‌కోడ్, 'అన్ని పన్నులతో కలిపి' అన్న లైను అన్నీ వడ్డాణం మీదికే తోసెయ్యండి.

ప్రెస్సుబాబాయ్
గురువారం, ఉదయం 7:00

వడ్డాణం బాగుంది, పని అయ్యాక మిగిలే కాగితంలోనే కొట్టెయ్యొచ్చు. డై కూడా అక్కర్లేదు, కోత, రెండు మడతలు, అంతే. కానీ అన్నీ దాని మీదికి తోయకండి మేడం. అది చింపి పారేసే వస్తువు. 1957 కాపీరైట్ చట్టంలో 52ఏ అని ఒక సెక్షను ఉంది. రికార్డింగ్ చేసినవాళ్ళ పేరు, చిరునామా, హక్కుదారు పేరు, చిరునామా, మొదట విడుదలైన సంవత్సరం రికార్డు మీదా దాని డబ్బా మీదా ఉండాలి. ఆ సమాచారం వెనక అట్ట మీదే ఉండాలి. గుండ్రంలో సీ (©) పాట రాతకీ అట్ట బొమ్మకీ, గుండ్రంలో పీ (℗) రికార్డింగుకీ. రెంటికీ యజమానులు వేరే కావచ్చు, అడిగి రాయి.

బార్‌కోడ్ గీతల్ని మాత్రం రాణి రంగులో వేయకు. స్కానరు వెలుతురు ఎరుపు, దానికి ఎర్ర ఛాయ గీతలు తెల్లగా కనిపిస్తాయి. నలుపు గీతలు, తెల్ల నేల.

లీడ్స్_నుంచి
గురువారం, సాయంత్రం 6:20

అట్ట లోపల ఏం పెడుతున్నారు? పాప్ ప్యాకేజింగ్‌లో అసలు మజా లోపలే. బీటిల్స్ 'సార్జంట్ పెప్పర్స్' (1967) వెనక అట్ట నిండా పాటల సాహిత్యం అచ్చేశారు, లోపల కత్తిరించుకునే మీసాలు, బ్యాడ్జీల షీటు పెట్టారు. మనకి సంబంధమున్న ముక్క ఒకటుంది. ముందు అట్ట మీద గుంపులో గాంధీ బొమ్మ కూడా పెట్టారు. భారతదేశంలో గొడవవుతుందని వాళ్ళ రికార్డు కంపెనీ ఈఎంఐ అధిపతి జోసెఫ్ లాక్‌వుడ్ తీయించేశాడు.

మడోనా 'లైక్ ఎ ప్రేయర్' (1989) విడుదలైనప్పుడు అట్టకి పచౌలీ నూనె వాసన పట్టించారు, చర్చి ధూపం గుర్తొచ్చేలా. లోపల ఎయిడ్స్ గురించి నిజాలు చెప్పే కాగితం కూడా పెట్టారు. సాంబ్రాణి కావాలంటే మీరూ పట్టించొచ్చు :)

సిరాచుక్క
గురువారం, రాత్రి 9:15

సాంబ్రాణి అనగానే అమ్మ నవ్వింది. కానీ 'లోపల ఏముంది' అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయా. మా అమ్మమ్మ ట్రంకుపెట్టెలో సినిమా పాటల పుస్తకాలు ఒక కట్ట ఉండేది. చేతిలో పట్టేంత సైజు, పల్చటి కాగితం, కథ సగం చెప్పి 'మిగతాది వెండితెరపై చూడండి' అని ముగింపు. రికార్డులో అలాంటిది పెడితే? 16 పేజీలు, పది పాటల సాహిత్యం, ఒక్కో పాటకి ముందు నాలుగు లైన్ల కథ. అప్పుడు అన్నయ్యగారి పద్నాలుగు అంశాల్లో తొమ్మిది దీంట్లోకి వెళ్ళిపోతాయి. తబలా ఆయనకైతే ఫొటోతో సహా అర పేజీ.

తలకట్టు
గురువారం, రాత్రి 9:33

ఇది దొరికింది చూడండి అసలు ముక్క. క్యాసెట్ల రోజుల్లో ఇన్‌లే కార్డుని ఆరేడు మడతలు పెట్టి చీమల్లాంటి అక్షరాలతో సాహిత్యం కొట్టేవారు. భూతద్దం పెట్టుకుని చదివి నేర్చుకున్నాం. మీరు మాత్రం సాహిత్యాన్ని 10 పాయింట్ల కంటే తగ్గించకండి. లైనుకీ లైనుకీ మధ్య 16 దాకా వదలండి. లేకపోతే పై లైను వత్తు కింది లైను గుడి మీద కూర్చుంటుంది.

కోడలుపిల్ల
శుక్రవారం, మధ్యాహ్నం 12:40

యాడ్ డ్రాఫ్టు నాకు మెసేజ్‌లో పంపారు, చూశాను. ఇక్కడే చెబుతున్నా, అందరికీ పనికొస్తుంది. ఆమె ముఖం నలుపు తెలుపులో, పైన మెజెంటా అక్షరాలు, కింద తేదీ, క్యూఆర్. బాగుంది. ఇప్పుడు ఒక పరీక్ష. అసలు సైజులో ప్రింటు తీసి పాత వారపత్రికలో నిజమైన పేజీల మధ్య అతికించండి. కుడిచేతి పేజీ మీద. ఇంట్లో ఎవరికైనా ఇచ్చి తిప్పమనండి. మూడు లెక్కపెట్టి పుస్తకం మూసేసి ఏం చూశారో అడగండి. ఏమీ అందించకండి.

సిరాచుక్క
శుక్రవారం, రాత్రి 8:50

మేడం, చేశాను. మా అమ్మ జవాబు: "ఎవరో అమ్మాయి. చక్కగా ఉంది. చీరల షాపు యాడేమో?"

నాన్నగారు: "ఫేస్ క్రీమ్."

చిట్టిబాబు_99
శుక్రవారం, రాత్రి 8:52

😂😂😂

కోడలుపిల్ల
శుక్రవారం, రాత్రి 9:10

నవ్వకు చిట్టీ. పాటల యాడ్ అని తెలియలేదు, అంతే జరిగింది. వారపత్రికలో అందమైన ముఖం అంటే చీర, నగ, క్రీము. చేతిలో రికార్డు పెట్టండి. మాట అక్కర్లేదు. ఆ ఇంగ్లిష్ సంగీత పత్రికకి మాత్రం రికార్డు అక్కర్లేదు, అక్కడి పాఠకుడికి పత్రికే సగం చెప్పేసింది. అక్కడ అట్టని పెద్దగా చూపించండి, ముఖం లేకపోయినా ఫర్వాలేదు. రెండు పత్రికలకి ఒకే యాడ్ సైజు మార్చి పంపితే రెండు చోట్లా డబ్బు దండగ.

క్యూఆర్ రెండు సెంటీమీటర్లకి తగ్గనివ్వకండి, చుట్టూ తెల్ల జాగా వదలండి. పేజీ మధ్య మడత వైపు పెట్టకండి, అక్కడ కాగితం వంగుతుంది, ఫోను సరిగ్గా చదవదు.

సిరాచుక్క
ఆదివారం, మధ్యాహ్నం 3:30

నిన్న మళ్ళీ ఫొటో తీశాం. చేతిలో రికార్డు పట్టుకుని, రికార్డు వెనక నుంచి సగం ముఖం. ఇదిగో జతచేశాను. అమ్మకి చూపించకుండా ఈసారి పక్కింటి ఆంటీ మీద ప్రయోగించా. "పాటల అమ్మాయి" అంది! అన్నయ్యగారు వడ్డాణానికి ఒప్పుకున్నారు. యాడ్‌లో పద్నాలుగు అంశాలు ఐదుకి దిగాయి. ఒక ఫోన్ నంబరు మాత్రం ఉండాల్సిందేనట.

డమ్మీ కూడా కట్టాను. తెల్ల బోర్డు కొలతలకి కోసి, బజార్లో కొన్న పాత రికార్డు లోపల పెట్టి, పాటల పుస్తకం దూర్చి. పాతిక కేలండర్లు మీద పెట్టి రాత్రంతా ఉంచా. పాటల పుస్తకం పిన్నులు రికార్డు మీద నొక్కుకున్నాయి!! ఇప్పుడు పిన్ను తీసేసి దారంతో కుట్టిస్తున్నా.

ఎల్పీల_పెట్టె
ఆదివారం, సాయంత్రం 4:15

పాతిక పేర్చమన్నది అందుకే కదా.

ఫొటో చూశాను. అమ్మాయి బాగుంది, వెలుతురు బాగుంది, అంతా బాగుంది. కానీ తల్లీ, రికార్డుని వేళ్ళు నాలుగూ గాడుల మీద పెట్టి పట్టుకుంది! ఎల్పీలు కొనేవాడు ఎవడైనా ముందు చూసేది అదే. బొటనవేలు అంచున, మిగతా వేళ్ళు మధ్య లేబుల్ మీద. ఈ యాడ్ చూస్తే నాకు ఆ రాత్రి నిద్ర పట్టదు.

సిరాచుక్క
ఆదివారం, సాయంత్రం 4:22

అయ్యో! స్టూడియో అద్దె మళ్ళీనా...

తలకట్టు
ఆదివారం, సాయంత్రం 4:40

మళ్ళీ తీయండి. ఆయన చెప్పింది నిజం.

ప్రెస్సుబాబాయ్
ఆదివారం, సాయంత్రం 5:05

తీసేటప్పుడు లేబుల్ కూడా సరిగ్గా ఉండేలా చూసుకో. లేబుల్ 100 మి.మీ., మధ్యలో 7 మి.మీ. కన్నం. నువ్వు పంపిన లేబుల్ డిజైన్‌లో ఆమె పేరు సరిగ్గా మధ్యలో ఉంది. పేరులో రెండో అక్షరం కన్నంలో పోతుంది.

సిరాచుక్క
ఆదివారం, సాయంత్రం 5:09

🤦 బాబాయ్, కన్నం వద్దు వద్దని అందరూ చెప్పింది చివరికి వచ్చి అక్కడే కూర్చుందా!

చిట్టిబాబు_99
ఆదివారం, సాయంత్రం 5:11

నాకొక కాపీ. వడ్డాణం చింపకుండా.